ఎలాగూ వెళ్తున్నావు కదా!

"ఎలాగూ వెళ్తున్నావు కదా, పిల్లల్ని కూడా తీసుకెళ్ళు."

ఈ మాట మా ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర పుట్టింది. మజ్జిగ పోసుకుంటూ మా ఆయన అన్నాడు. చెడ్డగా అనలేదు, ప్రేమగానే అన్నాడు. 2025 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, కలకత్తాలో ఒక విశ్వవిద్యాలయం మూడు రోజుల జాతీయ సదస్సు పెట్టింది. తెలుగు స్త్రీల యాత్రా రచనల మీద నా పత్రాన్ని ఎంపిక చేశారు. రానూ పోనూ థర్డ్ ఏసీ ఛార్జీలు, గెస్ట్‌హౌస్‌లో గది, భోజనం వాళ్ళే ఇస్తామన్నారు. ఎనిమిదేళ్ళుగా గంటల లెక్కన పాఠాలు చెప్పుకుంటున్న గెస్ట్ ఫాకల్టీకి ఇది చిన్న విషయం కాదు. ఆ కబురు చెప్పి, ఎవరైనా "పత్రం దేని మీద?" అని అడుగుతారేమోనని ఒక్క నిమిషం ఆగాను. వచ్చింది ఈ మాట. వెంటనే అత్తయ్య, "అవును, పాపం పిల్లలు ఎక్కడికీ పోయి రెండేళ్ళయింది" అన్నారు. ఎనిమిదో తరగతి చదివే మా వాడు ఈడెన్ గార్డెన్స్ అన్నాడు. ఇంటర్ మొదటి సంవత్సరం చదివే మా అమ్మాయి కాలేజ్ స్ట్రీట్ అంది. ఐదు నిమిషాల్లో నా సదస్సు కుటుంబ విహారయాత్ర అయిపోయింది. మా ఆయనకి మాత్రం బ్యాంకులో ఆడిట్ ఉందట. ఆయన రాలేడు.

నాకు ఆ "ఎలాగూ" అనే మాట మీద కోపం. తెలుగింటి ఆడవాళ్ళ జీవితం మీద ఎవరైనా ఒక నిఘంటువు రాస్తే అందులో ముందు చేర్చాల్సిన మాట అది. ఎలాగూ వండుతున్నావు, ఇంకో ఇద్దరికి ఎక్కువ పడెయ్యి. ఎలాగూ బజారుకి పోతున్నావు, కరెంటు బిల్లు కట్టేసి రా. ఎలాగూ మెలకువగా ఉన్నావు, పాలు తోడు పెట్టు. ఆడవాళ్ళు చేసే పని ఏదైనా సరే, దాని పక్కన ఇంకో పని పెట్టడానికి చోటు ఉన్నట్టే అందరికీ కనబడుతుంది. బస్సులో ముగ్గురి సీటులో నలుగురో మనిషికి సర్దుకున్నట్టు మన పని సర్దుకుని కూర్చోవాలి. వంటకీ బజారుకీ ఇది అలవాటైపోయింది. చదువుకీ పరిశోధనకీ కూడా ఇదే వర్తిస్తుందని నాకు ముప్పై ఎనిమిదేళ్ళ వయసులో అర్థమైంది.

ముందే ఒక మాట చెప్పుకోవాలి. పిల్లల్ని సదస్సులకి తీసుకెళ్ళకూడదని నేను అనడం లేదు. వాళ్ళతో ప్రయాణం నాకు ఇష్టం. సికిందరాబాదులో ఫలక్‌నుమా ఎక్కి, దాదాపు ఇరవై ఆరు గంటల తర్వాత హౌరాలో దిగి, ఆ వంతెన కింద నదిని మొదటిసారి చూసినప్పుడు మా వాడి మొహం నేను మరిచిపోను. నా గొడవ వాళ్ళతో కాదు. ఒక స్త్రీ మేధోశ్రమకి ఇంట్లో టికెట్టు కొట్టించుకోవాలంటే, దానికి కుటుంబ ప్రయోజనం అనే ముద్ర పడాల్సి రావడంతో నా గొడవ. నా పత్రం కోసం నేను కలకత్తా వెళ్తానంటే అది ఖర్చు, విలాసం, బాధ్యతారాహిత్యం. పిల్లలకి ఊరు చూపించడానికి వెళ్తూ మధ్యలో పత్రం చదివి వస్తానంటే అది తెలివైన ఏర్పాటు. చదివే పత్రం అదే. ఎక్కే రైలు అదే.

మగవాళ్ళ విషయంలో ఈ లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. మన యాత్రా సాహిత్యంలో మొదటి పేరు ఏనుగుల వీరాస్వామిది. 1830 మే 18న చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ, గయ, కలకత్తా అన్నీ చూసుకుని, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరాడు. ఇంటి ఆడవాళ్ళతో సహా దాదాపు వందమంది పరివారం ఆయన వెంట ఉంది. బోయీలున్నారు, వంటవాళ్ళున్నారు. పదిహేను నెలలు ఆయన చూశాడు, రాసుకున్నాడు. "కాశీయాత్ర చరిత్ర" మనకి దక్కింది. గొప్ప పుస్తకం. నేనూ పాఠం చెప్తాను. ఆ వందమందితో వెళ్ళడం వల్ల ఆయన పుస్తకం పలచబడిందని ఎవరూ అనలేదు. అనక్కరలేదు కూడా. ఆయన రాసుకునే సమయం కోసం ఆ వందమంది పని చేశారు. నేను తీసుకెళ్ళిన ఇద్దరి కోసం నేను పని చేశాను. కుటుంబంతో కలిసి ప్రయాణం చేయడంలో తేడా లేదు. ఆ కుటుంబాన్ని ఎవరు మోస్తున్నారన్న దగ్గరే ఉంది తేడా అంతా.

మరీ పాతకాలానికి పోయానంటారా? మా సదస్సు దరఖాస్తులోనే ఒక గడి ఉంది, "అకంపెనీయింగ్ పర్సన్" అని. అంటే తోడు వచ్చే మనిషి. ఆ గడి ఎవరి కోసం పెట్టారో అక్కడికి వెళ్ళాక తెలిసింది. పెద్ద ప్రొఫెసర్లు ముగ్గురు భార్యలతో వచ్చారు. నిర్వాహకులు ఆ ముగ్గురికీ ఒక కారు ఏర్పాటు చేశారు. ఒకరోజు దక్షిణేశ్వరం, బేలూరు మఠం, ఇంకోరోజు చీరల కొట్లు. ఇది ఏళ్ళ తరబడి ఉన్న మర్యాదే. ఆ రాత్రి భోజనాల దగ్గర ఆ ముగ్గురిలో ఒకావిడ పక్కన కూర్చున్నాను. రిటైరైన లెక్కల టీచరు. "మా ఆయన సెమినార్ల పుణ్యమా అని పదకొండు ఊళ్ళు చూశానమ్మా, ఒక్క సెమినార్ హాలు చూడలేదు" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. నేను హాలు చూస్తున్నాను, ఊరు చూడడం లేదు, పిల్లలకి చూపించడమూ లేదు. ఇద్దరం ఒకే బల్ల దగ్గర, ఒకే ఏర్పాటుకి అటు చివరా ఇటు చివరా కూర్చున్నాం.

మొదటి రోజు ప్రారంభ సమావేశానికి వెళ్ళేటప్పటికి పిల్లలిద్దరూ నిద్రపోతున్నారు. బల్ల మీద బ్రెడ్డు, జాము, ఐదువందల నోటు, ఒక చీటీ పెట్టి వెళ్ళాను. కీలకోపన్యాసం జరుగుతుండగా ఫోనులో సందేశాలు. గీజర్ పనిచేయట్లేదు. తమ్ముడు ఛార్జర్ ఇవ్వట్లేదు. మధ్యాహ్నం భోజనం మీ దగ్గర తినొచ్చా? సదస్సు సంచిలో భోజనం కూపన్లు రోజుకొకటే. డబ్బు కడతాను, ఇంకో రెండు ఇవ్వండని కౌంటర్ దగ్గర అడుగుతుంటే వెనక నుంచి ఒక పెద్దాయన, "ఏమ్మా, సెమినార్‌కి వచ్చారా, పిల్లల్ని తిప్పడానికొచ్చారా?" అన్నాడు. చుట్టూ ఉన్న విద్యార్థులు నవ్వారు. ఆయన భార్య ఆ సమయానికి నిర్వాహకులు ఇచ్చిన కార్లో దక్షిణేశ్వరంలో ఉంది. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. మగవాడు కుటుంబంతో వస్తే కుటుంబ ప్రేమ ఉన్న మనిషి. ఆడది కుటుంబంతో వస్తే పని మీద శ్రద్ధ లేని మనిషి. కుటుంబం లేకుండా వస్తే ఏమంటారో మీకు నేను చెప్పక్కరలేదు.

రెండో రోజు నా పత్రం. మధ్యాహ్నం రెండున్నరకని అచ్చువేశారు. పొద్దున మాట్లాడిన పెద్దలు ఒక్కొక్కరు ఇచ్చిన సమయానికి రెట్టింపు మాట్లాడేసరికి మా సమావేశం నాలుగున్నరకి జరిగింది. సాయంత్రం విక్టోరియా మెమోరియల్‌కి తీసుకెళ్తానని పిల్లలకి మాటిచ్చాను. గేటు దగ్గర నిలబడి ఉన్నారు. పదిహేను నిమిషాల పత్రాన్ని తొమ్మిది నిమిషాల్లో చదివేశాను. పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు ప్రయాణం గురించి, 1876లో దాని ఇంగ్లీషు అనువాదం మద్రాసులో అచ్చు కావడం గురించి రాసుకున్న రెండు పేజీలు ఎగరగొట్టాను. మద్రాసు నుంచి ఇంగ్లండు దాకా వెళ్ళొచ్చిన మనిషిని నేను ఆ హాల్లోకి కూడా తేలేకపోయాను. నాయని కృష్ణకుమారి "కాశ్మీర దీపకళిక" దగ్గర ఒక పేరా మిగిలింది. సమయపాలనకి అధ్యక్షుడు నన్ను మెచ్చుకున్నాడు. చర్చ టీ తర్వాత అన్నారు. నేను టీకి ఆగలేదు.

సదస్సుల్లో అసలు పని టీ దగ్గరే జరుగుతుందని మనందరికీ తెలుసు. ఎవరి పత్రం సంపుటిలో వేయాలి, వచ్చే ఏడాది ఎవరిని పిలవాలి, ఏ ప్రాజెక్టులో ఎవరికి చోటు, ఇవన్నీ ఆ పేపరు కప్పుల చుట్టూ తేలతాయి. ఆ సాయంత్రం అదే జరిగింది. యాత్రా రచనల మీద ఒక పుస్తకం తెద్దామని అక్కడున్న వాళ్ళు అనుకున్నారు. అక్కడికక్కడే అధ్యాయాలు పంచుకున్నారు. నెల తర్వాత ఒక స్నేహితురాలు ఫోను చేసి, "నువ్వు లేవేంటి అందులో?" అని అడిగేదాకా నాకు తెలియదు. నన్ను ఎవరూ కావాలని తీసెయ్యలేదు. నేను అక్కడ లేను, అంతే. వివక్ష చాలాసార్లు ఇంత మర్యాదగా జరుగుతుంది. దానికి దోషి అంటూ ఎవరూ ఉండరు.

అయితే ఆ ఇరవై నిమిషాల కోసం పిల్లలు గేటు దగ్గర ఆగలేరా? పదహారేళ్ళు, పదమూడేళ్ళు. చంటిపిల్లలు కారు కదా! ఇక్కడే మనం ఎప్పుడూ మాట్లాడని విషయం ఉంది. మాతృత్వం గురించి మనం రాసినదంతా పాలుతాగే పిల్లల చుట్టూ, పసిపిల్లల చుట్టూ తిరుగుతుంది. చట్టాలూ అంతే. 2017లో ప్రసూతి చట్టాన్ని సవరించి, యాభైమంది, అంతకుమించి పనిచేసే చోట పసిపిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. మంచిదే. పిల్లల సంరక్షణ సెలవు పేరుతో 2008 నుంచి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకి మొత్తం 730 రోజుల సెలవు ఉంది, పిల్లలకి పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా. అదీ మంచిదే. కానీ ఆ సెలవు ఎవరికి? ఆడవాళ్ళకి. 2018లో మగవాళ్ళకీ ఇచ్చారు గానీ, భార్య లేక ఒంటరిగా పిల్లల్ని పెంచే మగవాళ్ళకి మాత్రమే. అంటే ఇంట్లో భార్య ఉన్నంతకాలం తండ్రికి పిల్లల్ని చూసుకునే పని లేదని ప్రభుత్వమే కాగితం మీద రాసిచ్చింది. ఇక నాలాంటి గెస్ట్ ఫాకల్టీకి ఆ సెలవూ లేదు, ఈ సెలవూ లేదు. క్లాసుకి పోని గంటకి డబ్బు రాదు, అంతే.

ఎదిగిన పిల్లల పని బయటికి కనబడదు. స్నానాలు చేయించక్కరలేదు, అన్నం కలిపి పెట్టక్కరలేదు. కానీ వాళ్ళ అలక మొయ్యాలి. వాళ్ళ విసుగు మొయ్యాలి. ఇద్దరి మధ్య తగువు ఫోనులో తీర్చాలి. ఒకడికి క్రికెట్ మైదానం, ఇంకొకతెకి పుస్తకాల వీధి, ఇద్దరికీ నచ్చే మూడోది నేను వెతకాలి. చంటిపిల్లని ఎత్తుకుని సదస్సుకి వస్తే అక్కడ ఎవరో ఒకరు కుర్చీ అయినా జరుపుతారు. పదహారేళ్ళ పిల్లతో వస్తే, "పెద్దదేగా, ఇంట్లో వదిలి రాకపోయారా" అంటారు. ఇంట్లోనేమో, "పెద్దవాళ్ళేగా, నీకేం అడ్డం, తీసుకెళ్ళు" అంటారు. రెండు చోట్లా పెద్దవాళ్ళే. ఆ పెద్దరికం బరువు మాత్రం నా మీద.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ఇంతదాకా మగవాళ్ళ మీద, సంస్థల మీద రాసి, ఇది దాచిపెడితే ఈ వ్యాసానికి అర్థం లేదు.

మొదటి రోజు మధ్యాహ్నం రెండింటికి మా అమ్మాయి, "నేనొక్కదాన్నే కాలేజ్ స్ట్రీట్‌కి వెళ్ళొస్తా, మెట్రో ఎక్కితే మధ్యలో మారక్కర్లేదు, చూసుకున్నాను" అని అడిగింది. వద్దన్నాను. తలుపు గడియ పెట్టుకుని గదిలోనే ఉండమన్నాను. అదే రోజు రాత్రి ఎనిమిదింటికి నేను నా పత్రం స్లైడ్లు సరిచేసుకుంటూ, వీధి చివర కొట్టుకి పోయి పెన్‌డ్రైవ్ తెమ్మని మా వాణ్ణి పంపాను. ఆలోచించి చేసింది కాదు. చేతికి అందినవాణ్ణి పంపాను. వాడు వెళ్ళాక అది అంది: "వాడికి పదమూడు. రాత్రి ఎనిమిదింటికి పంపావు. నాకు పదహారు. పగలు రెండింటికి వద్దన్నావు." కాసేపు ఆగి, "నీ పేపరు దేని మీదమ్మా?" అని అడిగింది.

దేని మీదో దానికి తెలుసు. ఆ స్లైడ్లు టైపు చేసిపెట్టింది అదే.

స్త్రీలు గడప దాటడం గురించి, ఒంటరిగా కదలడం గురించి, ఊరుని చూసే హక్కు గురించి పదిహేను నిమిషాల పత్రం రాసుకున్న నేను, ఆ పత్రం చదవడం కోసం మా అమ్మాయిని గదిలో గడియ పెట్టించాను. నాకు కారణాలు లేవా? ఉన్నాయి. మేం బయల్దేరే ముందు అత్తయ్య, "ఆ ఊళ్ళోనే కదూ డాక్టరమ్మని చంపేసింది, పిల్ల జాగ్రత్త" అన్నారు. అది నా చెవుల్లోనే ఉంది. 2024 ఆగస్టు 9న ఆర్‌జీ కర్ వైద్య కళాశాలలో ఒక యువ వైద్యురాలి మీద అత్యాచారం చేసి చంపారు. ఆమె అర్ధరాత్రి రోడ్డు మీద ఉండగా కాదు. సుదీర్ఘమైన డ్యూటీ మధ్యలో, తాను పనిచేసే ఆసుపత్రిలో, సెమినార్ గదిలో కాస్త నడుం వాల్చిన చోట. ఆ మాట మళ్ళీ చదవండి. సెమినార్ గదిలో. నేను మా అమ్మాయిని ఏ వీధి నుంచి కాపాడుతున్నాను, ఏ గదిలో పెట్టి కాపాడుతున్నాను? ఆగస్టు 14 అర్ధరాత్రి అదే కలకత్తాలో, బెంగాల్ ఊళ్ళన్నింట్లో, వేలాదిమంది ఆడవాళ్ళు రాత్రి మాదేనంటూ వీధుల్లోకి వచ్చారు. ఆ ఫోటోలు నేను మా క్లాసులో చూపించాను. అయిదు నెలల తర్వాత ఆ ఊరికే వెళ్ళి, పగలు రెండు గంటల్ని కూడా నా కూతురికి ఇవ్వలేకపోయాను.

భయం అబద్ధం కాదు. ఆ భయాన్ని తక్కువ చేసి మాట్లాడే స్త్రీవాదం నాకు అక్కరలేదు. కానీ ఆ రోజు నేను చేసింది భయం వల్ల మాత్రమే కాదు. నాకు తీరిక లేకపోవడం వల్ల కూడా. తీరిక ఉంటే దాంతో కలిసి మెట్రో ఎక్కేదాన్ని. ఒకసారి దారి చూపించి, రెండోసారి వెనక నడిచి, మూడోసారి వదిలేదాన్ని. పిల్లలకి ఊరు నేర్పడం సైకిల్ నేర్పడం లాంటి పని, దానికి గంటలు కావాలి. ఒకే సమయాన్ని రెండు పనులకి పెట్టిన తల్లి దగ్గర ఆ గంటలుండవు. అప్పుడు చేతికి దొరికేది పాత తాళమే. అమ్మమ్మలు వేసిన తాళం. ఈ "ఎలాగూ" ఏర్పాటు నా పనిని మాత్రమే తినలేదు. నా కూతురి స్వేచ్ఛని కూడా తిన్నది. కుటుంబానికి కలిసొచ్చిందని అందరూ అనుకున్న ప్రయాణంలో ఎక్కువ నష్టపోయింది అదే.

మూడో రోజు పొద్దున దారి మార్చాను. ఇద్దర్నీ కూర్చోబెట్టి మెట్రో పటం ముందు పెట్టి, ఎస్ప్లనేడ్ నుంచి హౌరా మైదాన్ దాకా నది కింద నుంచి వెళ్ళే రైలెక్కి తిరిగి రమ్మన్నాను. 2024 మార్చిలో మొదలైన దారి అది. మన దేశంలో నది కింద నడిచే మొదటి మెట్రో. పటం అమ్మాయి చేతిలో, డబ్బు అబ్బాయి జేబులో. ప్రతి స్టేషన్లో ఒక సందేశం పెట్టాలన్నాను. పెట్టారు. ఆ రెండు గంటలూ సమావేశంలో ఎవరేం చదివారో నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ధైర్యంగా ఉన్నానని చెప్పుకోను. అమ్మాయిని ఒంటరిగా పంపలేదు, తమ్ముణ్ణి తోడిచ్చి పంపాను. అది కూడా పాత అలవాటే. మా అమ్మాయి ఆ సంగతి గమనించింది, అనలేదు.

మధ్యాహ్నం ముగింపు సమావేశం ఎగ్గొట్టి ముగ్గురం బెత్యూన్ కాలేజీ దగ్గరికి వెళ్ళాం. గేటు బయట నిలబడి వాళ్ళకి కాదంబినీ గంగూలీ గురించి చెప్పాను. అక్కడ చదివి, చంద్రముఖీ బసుతో కలిసి 1883లో పట్టా పుచ్చుకున్న మనిషి. మన దేశంలో డిగ్రీ చదివిన మొదటి ఇద్దరు ఆడవాళ్ళు వాళ్ళే. తర్వాత వైద్యం చదివింది. వైద్యం చేస్తూ ఊళ్ళో తిరుగుతోందని ఒక బెంగాలీ పత్రిక ఆమెని వేశ్యతో పోల్చి రాస్తే కోర్టుకి వెళ్ళి, ఆ సంపాదకుణ్ణి జైలుకి పంపించింది. 1893లో పిల్లల్ని కలకత్తాలో వదిలి, పెద్ద చదువు కోసం ఒంటరిగా ఎడింబరో వెళ్ళింది.

"పిల్లల్ని తీసుకెళ్ళలేదా?" అంది మా అమ్మాయి.

"లేదు."

"బాగుంది. నువ్వు కూడా మమ్మల్ని తేకుండా ఉండాల్సింది. లేకపోతే సరిగ్గా తేవాల్సింది."

నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ మాట. అది నా మీద ఫిర్యాదు అనుకున్నాను మొదట. తిరుగు ప్రయాణంలో, బర్త్ మీద పడుకుని ఆలోచిస్తే, ఒక వాక్యంలో మొత్తం సమస్య చెప్పిందనిపించింది. తేకుండా ఉండే హక్కు. సరిగ్గా తెచ్చే వీలు. మనకి ఈ రెండూ లేవు. మధ్యలో ఉన్న "ఎలాగూ" ఒకటే ఉంది.

ఇక్కడ నాతోటి ఆడవాళ్ళతో నాకు రెండు మాటలున్నాయి. ఒకటి, సదస్సునీ సంసారాన్నీ ఒకే సూట్‌కేసులో సర్దుకుని అన్నీ అద్భుతంగా నడిపించుకొచ్చామని ఫోటోలు చూపించే వాళ్ళతో. మీరు నవ్వుతూ నిలబడ్డ ఆ ఫోటోని మా ఇళ్ళలో సాక్ష్యంగా చూపిస్తున్నారు. "ఆవిడ చెయ్యట్లేదా?" అంటున్నారు. ఆ రాత్రి ఎన్నింటికి పడుకున్నారో, ఏ సమావేశం వదులుకున్నారో, ఎవరి మీద అరిచారో కూడా ఆ ఫోటో కింద రాయండి. రెండోది, పిల్లల్ని తెచ్చే ఆడవాళ్ళని చూసి పెదవి విరిచే వాళ్ళతో. "నేను మాత్రం ఎప్పుడూ తీసుకురాలేదు" అని గర్వంగా అంటారు. మీ పిల్లల్ని మీ అమ్మగారో, మీ ఇంట్లో పనిచేసే అమ్మాయో చూసుకుంది. ఆమె తన పిల్లల్ని ఎవరి దగ్గర వదిలిందో అడిగారా? గదిలో మీ పుస్తకాలున్న చోట ఆమె పేరు కూడా ఉండాలి.

"మాలాంటి వాళ్ళకి పిల్లల్ని ఊరు దాటించడానికి ఇదొక్కటే దారి, దాన్నీ తప్పంటే ఎలా?" అని ఒక స్నేహితురాలు అడిగింది. భర్త లేడు. కాంట్రాక్టు ఉద్యోగం. నిజమే. గెస్ట్‌హౌస్ గది ఉచితంగా దొరికితే ఇద్దరు పిల్లల టికెట్లు ఎలాగో కొనగలం. గది కూడా కొనాలంటే పిల్లలు కలకత్తా చూడరు. నేను వాళ్ళని తప్పు పట్టడం లేదు. ఆ దారి ఒక్కటే మిగిలేలా చేసిన లెక్కని తప్పు పడుతున్నాను. తల్లి తన పనిలోంచి ఒక ముక్క కోసి ఇస్తే తప్ప పిల్లలకి సెలవు లేదనే లెక్కని.

కాబట్టి ఏం చెయ్యాలి? నిర్వాహకులు "తోడు వచ్చే మనిషి" గడిని నిజంగా తెరవాలి. దాన్ని ప్రొఫెసర్ల భార్యల కోసం మాత్రమే ఉంచకూడదు. ఎదిగిన పిల్లలకి భోజనం కూపన్లు డబ్బుకైనా ఇవ్వాలి. ఊరు తెలిసిన విద్యార్థులు ఇద్దరు వాళ్ళకి ఒక పూట ఊరు చూపిస్తే చాలు, చీరల కొట్ల కారు కంటే చవక. అంతకంటే ముందు, అచ్చువేసిన సమయానికి సమావేశం నడపాలి. పెద్దలు రెట్టింపు మాట్లాడిన ప్రతిసారీ ఆ గంట ఎవరో ఒకరి పిల్లల దగ్గరి నుంచి, ఎవరో ఒకరి పత్రంలో నుంచి తీసుకున్నదే. సంపుటాల గురించి నిర్ణయాలు టీ దగ్గర కాకుండా అందరికీ రాసి అడగాలి. ఇవేవీ విప్లవాలు కావు.

ఇంట్లో చెయ్యాల్సింది కష్టం. ఆడిట్ ఉన్న మగవాడికి సెలవు పెట్టమని చెప్పడం. తోడు వచ్చే మనిషి గడిలో ఆయన పేరు రాయడం. పిల్లల్ని ఆయన ఊరు తిప్పుతుంటే నేను హాల్లో కూర్చోవడం, ఫోను తీయకపోవడం. ఎవరి దారిన వాళ్ళు చూసుకోగలిగితే నేనొక్కదాన్నే వెళ్ళడం, అందుకు సంజాయిషీ చెప్పకపోవడం. ఊరు చూడ్డానికి వెళ్ళినప్పుడు ఊరే చూడడం, సంచిలో పత్రం పెట్టుకోకపోవడం. వ్యక్తిగతమంతా రాజకీయమేనని మనం ఇన్నేళ్ళుగా చెప్తున్నాం. ఆ రాజకీయం మజ్జిగ పోసుకునే చోట మొదలవ్వాలి.

మొన్న మైసూరు నుంచి ఒక ఆహ్వానం వచ్చింది. మూడు రోజులు. కలకత్తాలో ఎగరగొట్టిన ఆ రెండు పేజీలని పూర్తి పత్రంగా రాస్తున్నాను, జానకమ్మ ఒక్కామె మీదే. ఇంట్లో చెప్పగానే మా ఆయన, "మైసూరా, ఎలాగూ..." అని మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగాడు. మా అమ్మాయి అన్నం తింటూ తలెత్తకుండా, "నాన్నా, పేపరు దేని మీదో అడుగు ముందు" అంది.

ఆయన అడిగాడు. నేను చెప్పాను, వివరంగా. అరగంట పట్టింది. వెళ్తున్నది నేనొక్కదాన్నే.